జాబ్ కార్డు మీద ఏం రాశారు?

పొద్దున తొమ్మిదిన్నరకి ఏ సర్వీస్ సెంటర్ ముందు చూసినా అయిదారు కార్లు బారు తీరి ఉంటాయి. ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న కంగారులో ఉన్న యజమాని తాళాలు కౌంటర్ మీద పెట్టి, "ముందు వైపు నుంచి ఏదో సౌండ్ వస్తోందండీ, కాస్త చూడండి" అంటాడు. "చూద్దాం సార్" అంటూ సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్‌లో ఏదో నొక్కుతాడు. సంతకం అడిగితే యజమాని తెర మీద వేలితో ఒక గీత గీసేసి, ఆటో ఎక్కి వెళ్లిపోతాడు. సాయంత్రం అయిదంకెల బిల్లు కట్టి, కడిగిన కారు తీసుకుని గేటు దాటతాడు. మొదటి స్పీడ్ బ్రేకర్ దిగీదిగగానే 'టక్'. పొద్దున వచ్చిన సౌండే.

బండి వెనక్కి తిప్పుకుని వెళ్లి గొడవ పెట్టుకుంటాడు. అడ్వైజర్ గొంతు పెంచడు. జాబ్ కార్డు తీసి చూపిస్తాడు. అందులో 'పెయిడ్ సర్వీస్, జనరల్ చెకప్' అని ఉంటుంది. సౌండ్ ఊసే లేదు. అడుగున యజమాని గీసిన గీత మాత్రం ఉంది.

రిపేరు షాపుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి తలరాత పొద్దున ఆ కౌంటర్ దగ్గరే ఖరారైపోతుంది. సాయంత్రం జరిగే గొడవకు అంత బలం ఉండదు. తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్లినా, కంపెనీకి మెయిల్ పెట్టినా, వినియోగదారుల కమిషన్ మెట్లెక్కినా అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ పని చేయమని బండి ఇచ్చారు? దానికి జవాబు జాబ్ కార్డులో లేకపోతే మిగతా వాదనంతా గాల్లో మేడలే. అందుకే ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే ఈ అధ్యాయంలో సగం ఫిర్యాదు పుట్టకముందు సంగతులే.

మొదట మాట్లాడే తీరు. చాలామంది కౌంటర్ దగ్గర తామే మెకానిక్కులైపోతారు. పక్కింటాయన చెప్పాడనో, యూట్యూబ్‌లో చూశామనో "సస్పెన్షన్ పోయింది, మార్చేయండి" అంటారు. మహా సంతోషం అనుకుని వాళ్లు మార్చేస్తారు. సౌండ్ మాత్రం పోదు. అప్పుడు అడిగితే "మీరు మార్చమన్నదే మార్చాం సార్" అంటారు, అందులో తప్పూ లేదు. రోగం పేరు యజమాని చెప్పాడు కాబట్టి దాని బాధ్యత కూడా యజమాని నెత్తినే పడింది. డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు మూడు రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోందని చెబుతారు తప్ప టైఫాయిడ్‌కి మందు రాయమనరు కదా. కారు విషయంలోనూ లక్షణం చెప్పి ఊరుకోవాలి. జాబ్ కార్డులో పడాల్సిన వాక్యం ఇలా ఉండాలి: 'ముందు ఎడమ చక్రం దగ్గర, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, ఇరవై కిలోమీటర్ల వేగం లోపు, టక్‌మని ఒకసారి సౌండ్. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ. పది రోజులుగా ఉంది.' ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంలో, ఎన్నాళ్లుగా అన్నవి ఇందులో ఉన్నాయి. లింక్ రాడ్డా, బుష్షా, స్ట్రట్ మౌంటా అన్నది తేల్చాల్సింది వాళ్లు.

ఇంత వివరం ఎందుకంటే, షోరూమ్ సర్వీస్ సెంటర్లలో వినేవాడు ఒకడు, పని చేసేవాడు ఇంకొకడు. యజమాని మాట్లాడేది అడ్వైజర్‌తో. అడ్వైజర్ నుంచి అది ఫ్లోర్ సూపర్‌వైజర్‌కి, అక్కడి నుంచి టెక్నీషియన్‌కి చేరాలి. అద్దాల గోడ అవతల బండి కింద దూరిన కుర్రాడికి యజమాని మొహం తెలియదు, గొంతు తెలియదు. అతనికి అందేది కార్డు మీద ఉన్న నాలుగు మాటలే. 'నాయిస్ చెక్' అని రాసి ఉంటే బండిని షెడ్డులో రెండడుగులు ముందుకీ వెనక్కీ కదిపి, సౌండ్ లేదని రాసేస్తాడు. అందుకే సౌండ్, వణుకు, బండి పక్కకు లాగడం లాంటి కంప్లయింట్లకు అడ్వైజర్‌నో టెక్నీషియన్‌నో పక్కన కూర్చోబెట్టుకుని ఒక ట్రయల్ వేయించడం మంచిది. పావుగంట పోతుంది. అతని చెవులతో విన్నాక మాత్రం 'కస్టమర్ చెబుతున్నాడు' అన్న మాట కార్డులో ఉండదు.

బండి అప్పగించేటప్పుడు కిలోమీటర్ల రీడింగు, ఇంధనం ముల్లు, నాలుగు వైపుల బాడీ, స్టెప్నీ, టూల్ కిట్ ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలి. రెండు నిమిషాల పని.

ఇక మోసం సంగతి. ఇది మన ఊరి జబ్బనీ, ఈ కాలపు జబ్బనీ అనుకుంటే పొరపాటు. 1941లో అమెరికాలో రీడర్స్ డైజెస్ట్ పత్రిక ఒక పరీక్ష చేయించింది. ఒక కారులో ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే తీగను కావాలనే ఊడదీసి, అప్పటి 48 రాష్ట్రాల్లో 347 గ్యారేజీలకు తీసుకెళ్లారు. తీగ మళ్లీ తగిలిస్తే అయిపోయే పని. అయినా 63 శాతం గ్యారేజీలు అక్కర్లేని పార్టులు వేయడమో, చేయని పనికి డబ్బు లాగడమో, ఉన్నదానికి నాలుగింతలు చెప్పడమో చేశాయి. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. మిగిలిన 37 శాతం గ్యారేజీలు నిజాయితీగానే ఉన్నాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఏ షాపులోకి వెళ్లినా దొంగని చూసినట్టు చూస్తూ మాట్లాడే యజమానులకు ఆ రెండో అంకె కూడా గుర్తుండటం అవసరం. మూడింట ఒక వంతు మంది మంచివాళ్లు ఉన్న చోట వాళ్లను వెతికి పట్టుకోవడం గొడవ పడటం కన్నా చవక.

అసలు ఈ వ్యాపారంలోనే ఒక చిక్కు ఉంది. మామిడిపండు కొనేముందు వాసన చూసి తేల్చుకోవచ్చు. హోటల్ భోజనం తిన్నాక తెలుస్తుంది. కారు రిపేరు అలా కాదు. పని అయిపోయాక కూడా, మార్చిన పార్టు నిజంగా పోయిందో లేదో యజమానికి తెలిసే దారి లేదు. బండి నడుస్తోంది కాబట్టి అవసరమే అయి ఉంటుందని సర్దుకుంటాడు. మైకేల్ డార్బీ, ఈడీ కార్నీ అనే ఆర్థికవేత్తలు 1973లోనే ఇలాంటి సేవల మీద ఒక పరిశోధనా పత్రం రాశారు. ఏం కావాలో చెప్పేదీ, అది అమ్మేదీ ఒకరే అయిన చోట పోటీ ఉన్నంత మాత్రాన మోసం పూర్తిగా పోదన్నది అందులోని సారం.

దీనికి తోడు పై నుంచి టార్గెట్లు కూడా ఉంటే ఏమవుతుందో 1992లో కాలిఫోర్నియా చూసింది. సియర్స్ అనే పెద్ద దుకాణాల గొలుసుకు అమెరికా అంతటా కారు రిపేరు కేంద్రాలు ఉండేవి. అమ్మకాలు పెంచాలని అడ్వైజర్లకు కమిషన్లు, కోటాలు పెట్టారు. ఫిర్యాదులు పెరిగాయి. ఆ రాష్ట్రంలో గ్యారేజీల మీద నిఘాకే ఒక ప్రభుత్వ విభాగం ఉంది. దాని ఉద్యోగులు మామూలు కస్టమర్లలా కార్లు తీసుకెళ్లారు. 38 సార్లు వెళితే 34 సార్లు అక్కర్లేని పని అంటగట్టారు. గగ్గోలు పుట్టాక కంపెనీ ఆ కమిషన్ల పద్ధతి ఎత్తేసింది. అక్కడి అడ్వైజర్లందరూ పుట్టుకతో మోసగాళ్లని ఎవరూ అనలేదు. నెలాఖరుకి ఇన్ని అమ్మాలన్న లెక్క వాళ్ల జీతంలో కూర్చుంది, అంతే.

మన సర్వీస్ సెంటర్లలో ఎస్టిమేట్ కాగితం కింది సగం చూస్తే ఆ లెక్క జాడ కనిపిస్తుంది. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, లేబర్ తర్వాత మొదలవుతుంది జాబితా: ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్, ఇంటీరియర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, రోడెంట్ స్ప్రే. ఒక్కోటి వందల్లోనే ఉన్నట్టుంటుంది, కూడితే వేలు. వీటిలో కొన్ని కొన్ని బండ్లకు పనికొచ్చేవే కావచ్చు. తేల్చుకునే మార్గం గ్లవ్ బాక్సులోనే ఉంది. కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు ఏం చూడాలి, ఏం మార్చాలి అన్న పట్టిక ఉంటుంది. కారు తయారు చేసినవాడు అక్కర్లేదన్న పని సర్వీస్ చేసేవాడు కావాలంటే, ఎందుకో అతనే చెప్పాలి.

"ఇది కంపల్సరీయా, ఆప్షనలా?"

"రికమండెడ్ మేడమ్. అందరూ చేయించుకుంటున్నారు."

"మాన్యువల్‌లో ఈ సర్వీసుకి ఇది లేదు కదండీ. తీసేసి కొత్త ఎస్టిమేట్ ప్రింట్ ఇవ్వండి."

చాలాచోట్ల సంభాషణ ఇక్కడితో ముగుస్తుంది. వాదన అక్కర్లేదు. కొత్త ప్రింట్ అడగడం మాత్రం మరిచిపోకూడదు. నోటితో 'తీసేస్తాం' అన్న వరసలు సాయంత్రం బిల్లులో మళ్లీ ప్రత్యక్షమవుతుంటాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చే ఫోను ఇంకో ఘట్టం. "సార్, ప్యాడ్లు అయిపోయాయి, మార్చేయమంటారా?" అటు యజమాని మీటింగులో ఉంటాడు, బ్రేకులంటే భయం కూడా. "మార్చేయండి" అనేస్తాడు. అడగాల్సినవి రెండే: ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, ఫొటో పంపగలరా. కొత్త బ్రేక్ ప్యాడ్ మీద రాపిడి పొర సాధారణంగా పది మిల్లీమీటర్ల చిల్లర ఉంటుంది, మూడు దగ్గరికి వచ్చిందంటే మార్చే వేళయింది. ఆరు ఉందంటే ఇంకా చాలా దూరం తిరగొచ్చు. నిజంగానే అరిగితే ఫొటో పంపడానికి ఎవరూ వెనకాడరు. ఎంత అవుతుందో కూడా అదే వాట్సాప్‌లో తెప్పించుకుని, 'సరే, చేయండి' అని అక్కడే జవాబిస్తే ఆ సందేశమే అదనపు పనికి ఒప్పందం. ఫోన్‌లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు.

ధర తెలిసి ఉండటం వేరు, తెలుసని ఎదుటివాడికి తెలియడం వేరు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక ప్రయోగం బయటపెట్టారు. 2003 మోడల్ టొయోటా క్యామ్రీకి రేడియేటర్ మార్చాలని వేల గ్యారేజీలకు ఫోన్లు చేయించారు. మార్కెట్ ధర 365 డాలర్లు. ఫోన్ చేసినవాళ్లలో కొందరు 'ఎంతవుతుందో మాకు తెలియదు' అన్నారు. కొందరు '365 అవుతుందని చూశాం' అన్నారు. ఇంకొందరు '510 అని విన్నాం' అన్నారు. ధర తెలియదన్నప్పుడు ఆడవాళ్లకు చెప్పిన రేటు మగవాళ్లకు చెప్పినదాని కన్నా ఎక్కువ. 365 అని తెలుసన్నప్పుడు ఆ తేడా మాయమైపోయింది. మరో సంగతి కూడా తేలింది. తగ్గించమని అడిగినప్పుడు మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ఎక్కువసార్లు తగ్గించారు. 'కారు సంగతి నాకేం తెలుసు' అని భర్తనో తమ్ముణ్నో పంపే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ అలవాటు కన్నా పార్టు పేరు చెప్పి రెండు షాపులకు ఫోన్ చేసి రేటు కనుక్కోవడం మేలు.

ఆటోనగర్ లెక్కే వేరు. విజయవాడ జవహర్ ఆటోనగర్ అయినా, హైదరాబాద్‌లో ఏ వీధి చివరి షెడ్డయినా, అక్కడ అద్దాల గోడ లేదు. చెప్పేది నేరుగా మేస్త్రీకే. అతను అప్పటికప్పుడు బానెట్ ఎత్తి, ఇంజన్ రేస్ చేయించి, చేత్తో పట్టుకుని చూసి తేలుస్తాడు. షోరూములో మొత్తం అసెంబ్లీ మార్చాలన్న చోట అతను చిన్న బుష్ ఒకటి వేసి పంపిస్తాడు. డెంటింగ్, టింకరింగ్ పనుల్లో అక్కడి పనితనం చూసి తీరాలి. లోటంతా కాగితంలోనే. "ఎంతవుద్ది అన్నా?" "అయ్యాక చూద్దాంలే సార్, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా?" అన్న మాటల మీదే ఇంజన్ పని మొత్తం నడిచిపోతుంది. పని బాగుంటే ఏ బాధా లేదు. నెలకే మళ్లీ పొగ వస్తే, ఎంత ఇచ్చారో, ఏ పార్టు వేశారో, ఎన్నాళ్లు గ్యారంటీ చెప్పారో ఎవరి జ్ఞాపకం వాళ్లదే.

బిల్లు అడిగితే "జీఎస్టీ పడుద్ది సార్, ఎందుకు మీకు" అంటారు. ఆ పన్ను మిగుల్చుకునే ఆశతో యజమానులూ ఊరుకుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువుకైనా సేవకైనా బిల్లు ఇవ్వకపోవడమే ఒక అక్రమ వ్యాపార పద్ధతి. నిజానికి పన్ను తేడా కూడా ఈ మధ్య తగ్గింది. చాలా విడిభాగాల మీద ఉన్న 28 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేబర్‌తో సమానంగా 18 శాతానికి దిగింది. షోరూమ్ బిల్లుల్లో కూడా ఆ రేటే వేశారా లేదా అని ఒకసారి చూసుకోవడం నష్టం కాదు. పక్కా బిల్లు మరీ కుదరని చిన్న షెడ్డు అయితే కనీసం ఒక పని చేయొచ్చు. డబ్బు యూపీఐలో పంపి, 'క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు మార్చినందుకు ఇంత ఇచ్చాను, ఆరు నెలల గ్యారంటీ అన్నారు' అని మేస్త్రీకి వాట్సాప్ పెట్టడం. 'ఓకే సార్' అని జవాబొస్తే చాలు.

తీసేసిన పాత పార్టులు చూపించమనడం ఎక్కడైనా పనికొచ్చే పద్ధతి. అయితే సాయంత్రం అడిగితే 'స్క్రాప్‌లో పడేశామండీ' అంటారు. పొద్దునే జాబ్ కార్డులో 'మార్చిన పార్టులు కస్టమర్‌కి చూపాలి' అని రాయించాలి. కాలిఫోర్నియాలో అయితే రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వడం, అదనపు పనికి ముందే అనుమతి తీసుకోవడం, అడిగితే పాత పార్టు తిరిగివ్వడం గ్యారేజీలకు చట్టం పెట్టిన షరతులు. మనకు గ్యారేజీల కోసమే అలాంటి చట్టం లేదు. అక్కడ చట్టం చేసే పని ఇక్కడ యజమాని తన కలంతో చేసుకోవాలి. వారంటీలో మార్చిన పాత పార్టులు మాత్రం కంపెనీకి వెళ్తాయి, వాటిని ఇంటికి తీసుకెళ్తామంటే కుదరదు. చూసి ఫొటో తీసుకోవచ్చు.

బండి వెలుగుండగానే తీసుకోవాలి. పెయింట్ పని చేయించిన బండి అయితే మరీను, ట్యూబులైటు కింద రంగు తేడా ఎవరికీ కనపడదు. డబ్బు కట్టకముందే ట్రయల్ వేయాలి. ఏ కంప్లయింట్ మీద ఇచ్చారో అదే పరిస్థితిలో, అంటే స్పీడ్ బ్రేకర్ మీద సౌండ్ అయితే స్పీడ్ బ్రేకర్ మీదే. ఆ తర్వాతే 'పని తృప్తిగా ఉంది' అన్న కాగితం మీద సంతకం. మర్నాడో ఎల్లుండో కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. "సార్, కాల్ వస్తే పదికి పది చెప్పండి, లేకపోతే మాకు ప్రాబ్లం" అని అడ్వైజర్ ముందే బతిమాలుకుంటాడు. ఆ కుర్రాడి మీద జాలి పడి, సౌండ్ అలాగే ఉన్నా పది అనేసే పెద్దమనసు మనవాళ్లకి ఎక్కువ. రెండు వారాల తర్వాత ఆ పదే ఎదురు తిరుగుతుంది, 'మీరే ఫుల్ శాటిస్‌ఫైడ్ అన్నారు కదండీ' అని. పని ఎలా ఉంటే అలా చెప్పడమే నయం.

ఇంత చేసినా పని చెడొచ్చు. అప్పుడు కౌంటర్ దగ్గర కేకలు వేస్తే చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు తప్ప బండి బాగుపడదు. కేకలు తినేది ఏ నిర్ణయమూ చేతిలో లేని అడ్వైజర్. నేరుగా సర్వీస్ మేనేజర్‌కు మెయిల్ పెట్టి, కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపాలి. అందులో కోపం, పరువు, పదేళ్లుగా మీ కస్టమర్‌నన్న మాట అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

'ఫలానా నంబరు కారును ఫలానా తేదీన ముందు ఎడమ వైపు సౌండ్ కోసం ఇచ్చాను, జాబ్ కార్డు నంబరు ఇది. స్టెబిలైజర్ లింక్ మార్చినట్టు బిల్లు ఇచ్చారు, మొత్తం కట్టాను. డెలివరీ తీసుకున్న రోజే అదే సౌండ్ వచ్చింది, వీడియో జత చేశాను. సౌండ్‌కి అసలు కారణం కనిపెట్టి అదనపు లేబర్ లేకుండా సరిచేయాలి, లేదా లింక్‌కు, లేబర్‌కు తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వాలి. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.'

కావలసిందేమిటో చెప్పని ఫిర్యాదు చదివినవాడు క్షమాపణ పంపి చేతులు దులుపుకుంటాడు. 'తగిన చర్య తీసుకోండి' అంటే ఏ చర్యా ఉండదు. ఆ చివరి రెండు వాక్యాల కోసమే పై మూడు.

బిల్లు మీద తగవు వచ్చినప్పుడు డబ్బు కట్టకుండా బండి తీసుకుపోతామని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. అక్కడ చట్టం గ్యారేజీ పక్షమే. భారత కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం ఒక వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు, వేరే ఒప్పందం లేకపోతే, తన కూలి అందేదాకా ఆ వస్తువు అట్టిపెట్టుకోవచ్చు. రోజులు గడిచేకొద్దీ కొన్నిచోట్ల పార్కింగ్ ఛార్జీ కూడా మొదలవుతుంది. కాబట్టి తగవున్న వరస పక్కన 'అభ్యంతరంతో కడుతున్నాను' అని బిల్లు కాపీ మీద రాసి, అదే మాట మెయిల్‌లో కూడా పెట్టి, డబ్బు కట్టి బండి తెచ్చుకుని పోట్లాడటం తెలివైన పని. అదే చట్టంలో 151వ సెక్షన్ యజమానికి అండ. తన దగ్గర పెట్టిన బండిని గ్యారేజీవాడు, సొంత వస్తువైతే మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. ట్రయల్ పేరుతో తీసుకెళ్లి గుద్దితే 'ఓనర్స్ రిస్క్' అన్న బోర్డు చూపించినంత మాత్రాన ఆ బాధ్యత దానంతటదే పోదు.

వారంటీ బూచి ఒకటి ఉంది. "బయట చేయిస్తే వారంటీ పోద్ది సార్." ఈ మాట దేశంలో ఎంత దూరం వెళ్లిందంటే, 2011లో ఒక వినియోగదారుడు మూడు కార్ల కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, విచారణ పరిశ్రమ మొత్తానికి పాకింది. 2014 ఆగస్టులో కమిషన్ 14 కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఒరిజినల్ స్పేర్ పార్టులు, రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారం బయటి మార్కెట్‌కు అందకుండా చేశారన్నది ప్రధాన అభియోగం. జరిమానాల మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఉత్తర్వులో కారు యజమానికి పనికొచ్చే ముక్క ఒకటుంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటూ గంపగుత్త షరతు పెట్టకూడదనీ, బయటి పని వల్ల చెడిన మేరకే నిరాకరించవచ్చనీ కమిషన్ చెప్పింది. బయట టైర్లు మార్పించుకున్న కారుకి ఏసీ వారంటీ లేదంటే, ఆ మాట కాగితం మీద ఇమ్మని అడగాలి. చాలామంది ఇవ్వరు. ఇవ్వకపోవడమూ ఒక సాక్ష్యమే.

మెయిల్‌కు జవాబు రాకపోతే 1915. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. పెద్ద బ్రాండ్ల విషయంలో ఈ మెట్టు దగ్గరే చాలా తగవులు తేలతాయి. వీధి చివర షెడ్డు మీద దీని ప్రభావం తక్కువ.

ఆ పై మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం యజమానికి కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. గ్యారేజీ ఎక్కడున్నా, తాను నివసించే ఊళ్లోనో ఉద్యోగం చేసే ఊళ్లోనో కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో చేయించిన రిపేరు మీద కర్నూలులో ఉండే మనిషి కర్నూలులోనే వేయొచ్చన్నమాట. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. కారు రిపేరు బిల్లులు దాదాపు అన్నీ ఆ లోపువే. ఆన్‌లైన్‌లో వేయడానికి ఇ-జాగృతి పోర్టల్ ఉంది. గడువు రెండేళ్లు. డీలర్‌ను అడిగితే కంపెనీ, కంపెనీని అడిగితే డీలర్ అని బంతాట ఆడతారు కాబట్టి, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. లోపం పార్టులో ఉందని ఒకరు తప్పించుకుంటే పనిలో ఉందని ఇంకొకరు దొరుకుతారు. మూడు నెలల్లో, సాంకేతిక పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలు అంతకన్నా లాగుతాయని ముందే అనుకుని దిగాలి.

ఈ కేసులు ఎక్కువగా రెండు చోట్ల బోల్తా పడతాయి. ఒకటి సాంకేతిక ఆధారం. 'ఇంజన్ పాడుచేశారు' అని యజమాని అంటే సరిపోదు, అది అంతకుముందు పనిలో లోపం వల్లేనని తెలిసినవాడు ఎవరో చెప్పాలి. అందుకే రెండో గ్యారేజీకి తీసుకెళ్లినప్పుడు వెంటనే విప్పించకూడదు. ముందు వాళ్లతో లెటర్‌హెడ్ మీద ఏం చూశారో, ఏ పార్టు ఎలా ఉందో రాయించి, తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. విప్పి బాగుచేసేశాక పాత తప్పు కూడా దాంతోపాటే చెరిగిపోతుంది.

రెండోది అతిగా అడగడం. క్లచ్ మళ్లీ మళ్లీ పోతోందని కారే మార్చి ఇమ్మనేవాళ్లు తక్కువేం కాదు. 2006లో మారుతీ ఉద్యోగ్‌కు సంబంధించిన ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు, వారంటీ షరతు ప్రకారం కంపెనీ లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో కట్టుబడి ఉంటుంది కానీ మొత్తం కారు మార్చడానికి కాదని చెప్పింది. నలభై వేల రిపేరుకు పది లక్షల మనోవేదన అడిగిన ఫిర్యాదు కన్నా, బిల్లు మొత్తం, రెండో చోట పెట్టిన ఖర్చు, బండి లేని రోజుల్లో కట్టిన క్యాబ్ రసీదులు, ఖర్చుల కింద ఓ మోస్తరు మొత్తం అడిగిన ఫిర్యాదు నమ్మకంగా కనిపిస్తుంది.

చాలా తగవులు తీర్పుదాకా రావు. నోటీసు అందాకో, మొదటి వాయిదా ముందో సర్వీస్ మేనేజర్ ఫోన్ చేస్తాడు: "సార్, బండి ఒకసారి పంపండి, ఫ్రీగా చేసిచ్చేస్తాం." ఒప్పుకోవచ్చు. అయితే అప్పుడు కూడా కొత్త జాబ్ కార్డు తెరిపించాలి, ఏ పాత కార్డు తాలూకు కంప్లయింటో దాని నంబరుతో సహా రాయించాలి. డబ్బు తీసుకోకపోయినా సున్నా బిల్లు ఇమ్మనాలి, ఈసారి వేసిన పార్టుకు ఆధారం అదే. కేసు వెనక్కి తీసుకుంటూ వాళ్లు టైపు చేసి తెచ్చిన కాగితం మీద సంతకం మాత్రం నాలుగు రోజులు బండి తిప్పి చూశాకే పెట్టాలి.